ఎవరి జెర్సీ పైకప్పుకెక్కాలి? కంఠీరవ నుంచి వచ్చాక ఒక ప్రశ్న

జయనగర్ రీబౌండ్
శనివారం, రాత్రి 9:12

ఈ సాయంత్రం మా అమ్మాయిని బెంగళూరు కంఠీరవ ఇండోర్ స్టేడియానికి తీసుకెళ్ళాను. పదకొండేళ్ళ పిల్ల. మ్యాచ్ విరామంలో తల పైకెత్తి కప్పు వంకే చూస్తూ కూర్చుంది. ఏమిటమ్మా అని అడిగితే, "నాన్నా, అమెరికాలో లేకర్స్ జట్టు కోర్టులో పైన జెర్సీలు వేలాడుతుంటాయి కదా, ఇక్కడ ఒక్కటీ లేదేం? ఇక్కడ ఎవరూ బాగా ఆడలేదా?" అంది. నాకు నోట మాట రాలేదు.

ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను. ఆట మానేసిన బాస్కెట్‌బాల్ క్రీడాకారుల్లో ఎవరి జెర్సీని రిటైర్ చేయాలి, అంటే ఆ నంబరును ఇక ఎవరికీ ఇవ్వకుండా గౌరవంగా పైకప్పుకు వేలాడదీయాలి? ఇప్పటికే చేసినవాటిలో ఏవి సబబు, ఏవి కావు? ఒక్కటే షరతు. పేరు చెప్పి ఊరుకోకండి, ఎందుకో చెప్పండి. పాయింట్ల పట్టిక ఎవరైనా చూసుకోగలరు.

నా ఓటు యుడోనిస్ హాస్లెమ్‌కు. మయామీలోనే పుట్టాడు. జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో ఏ జట్టూ అతన్ని ఎంచుకోలేదు. ఇరవై సీజన్లు సొంత ఊరి జట్టు మయామీ హీట్‌కే ఆడాడు. చివరి ఏళ్ళలో కోర్టులో కన్నా బెంచీ మీదే ఎక్కువగా ఉన్నాడు, కానీ కుర్రవాళ్ళకు ఆ బెంచీయే బడి అయింది. 2024 జనవరిలో హీట్ అతని 40వ నంబరును పైకెక్కించినప్పుడు నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి.

రెండో పేరు గ్యారీ పేటన్. అది రేపు రాస్తాను, ఒక్క పూటలో తేలే కథ కాదు.

హెబ్బాళ సెంటర్
శనివారం, రాత్రి 9:40

రీబౌండ్ గారూ, హాస్లెమ్ అంటే నాకూ గౌరవమే. కానీ ఒకేచోట ఎక్కువ కాలం ఉండటమే అర్హత అయితే అది సేవా పతకం అవుతుంది. ఉద్యోగంలో ఇరవై ఏళ్ళు నిండితే గడియారం ఇస్తారు, గోపురం కట్టరు కదా.

నా కొలమానం వేరు. ఆ జట్టు చరిత్రను "అతను రాకముందు, వచ్చాక" అని రెండుగా చెప్పగలగాలి. బాస్టన్ సెల్టిక్స్‌కు ఆడిన బిల్ రసెల్‌ను తీసుకోండి. 1956 నుంచి 1969 వరకు 13 సీజన్లలో 11 టైటిళ్ళు. 2022లో ఆయన చనిపోయాక 6వ నంబరును లీగు మొత్తంలోనే రిటైర్ చేశారు. అమెరికా ప్రధాన లీగు ఎన్‌బీఏలో ఆ గౌరవం పొందిన తొలి వ్యక్తి ఆయనే. అప్పటికే 6 వేసుకుని ఆడుతున్నవాళ్ళను మాత్రం కొనసాగనిచ్చారు. లెబ్రాన్ జేమ్స్ అలాగే కొంతకాలం ఆడి, మరుసటి ఏడాది 23కు మారాడు.

డర్క్ నవిట్జ్కీ 21 సీజన్లు ఒక్క డాలస్‌కే ఆడాడు. కానీ అతని 41 పైకెక్కింది ఏళ్ళ లెక్క వల్ల కాదు, 2011 టైటిల్ వల్ల. ఆ ఏడాది లేకపోతే డాలస్ కథే వేరు. శాన్ ఆంటోనియోలో టిమ్ డంకన్ సంగతీ అంతే.

మారతహళ్ళి మిడ్‌రేంజ్
శనివారం, రాత్రి 9:58

ముందుగా సబబు కానిది చెబుతాను. 2003లో మయామీ హీట్ మైకేల్ జోర్డాన్ 23వ నంబరును రిటైర్ చేసింది. జోర్డాన్ ఆ జట్టుకు ఒక్క నిమిషం కూడా ఆడలేదు! నేను జోర్డాన్ ఆటను చూసి పెరిగినవాణ్ణి, ఆయన మీద నాకు చిన్నచూపు లేదు. అయినా అది నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. పక్కింటి తాతగారు ఎంత గొప్పవారైనా, ఆయన పటాన్ని మన ఇంటి గోడ మీద మన తాత పటం పక్కన పెట్టం కదా. లీగు మొత్తం గౌరవించదలిస్తే అది లీగు చేయాలి. రసెల్ విషయంలో చేసినట్టు.

సబబైనది కోబీ బ్రయంట్. లేకర్స్ 2017 డిసెంబరులో 8, 24 రెండింటినీ ఒకేరోజు పైకెక్కించింది. ఒక మనిషికి రెండు నంబర్లు ఎందుకని అప్పట్లో చాలామంది అడిగారు. విడదీసి చూడండి. 8 వేసుకున్న పదేళ్ళలో మూడు టైటిళ్ళు, 2006 జనవరిలో టొరంటో మీద 81 పాయింట్లు. 24 వేసుకున్న పదేళ్ళలో రెండు టైటిళ్ళు, 2008 ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు), చివరి మ్యాచ్‌లో 60 పాయింట్లు. ఏ సగాన్ని తీసుకున్నా ఒక నిండు జీవితమే.

పెరంబూరు పాస్
శనివారం, రాత్రి 10:21

చెన్నై నుంచి రాస్తున్నాను. ఊరు క్షమించడం అనే విషయాన్ని ఎవరూ ఎత్తలేదు, అందుకే విన్స్ కార్టర్.

టొరంటో అతన్ని ప్రాణంలా చూసుకుంది. అతను వెళ్ళిపోతానన్నాడు. 2004 డిసెంబరులో న్యూజెర్సీకి పంపించేశారు. ఆ తర్వాత పదేళ్ళపాటు అతను టొరంటోలో బంతి పట్టుకున్నప్పుడల్లా జనం గేలి చేశారు. ప్రేమ విరిగితేనే అంత కోపం వస్తుంది. 2014లో మెంఫిస్ జట్టుతో వచ్చినప్పుడు స్టేడియం తెర మీద అతని పాత ఆటను చూపించారు. జనం లేచి నిలబడ్డారు. అతను ఏడ్చాడు. మరో పదేళ్ళకు, 2024 నవంబరులో, అతని 15ను పైకెక్కించారు. టొరంటో రాప్టర్స్ రిటైర్ చేసిన తొలి నంబరు అదే.

వెళ్ళిపోయినవాడిని తిరిగి ఇంట్లోకి పిలవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. నా దృష్టిలో అంతకన్నా విలువైన జెర్సీ లేదు.

హెబ్బాళ సెంటర్
శనివారం, రాత్రి 10:37

పెరంబూరు గారూ, మీ మాట ప్రకారమైతే రే అలెన్ 20వ నంబరు బాస్టన్‌లో వేలాడాలి. 2008 టైటిల్ గెలిచిన ముగ్గురు ప్రముఖుల్లో పియర్స్ 34 పైన ఉంది, గార్నెట్ 5 పైన ఉంది, అలెన్‌ది లేదు. 2012లో మయామీ వెళ్ళాడని ఆ కోపం. 2017లో అదే 20ని గోర్డన్ హేవర్డ్‌కు ఇచ్చారు. కార్టర్‌ను ఊరు క్షమించడం గొప్ప అయితే, అలెన్‌ను క్షమించకపోవడం ఏమిటి?

పెరంబూరు పాస్
శనివారం, రాత్రి 10:44

అదే నా మాట కూడా. బాస్టన్ తప్పు చేస్తోంది. 2008 జట్టులో అతను లేకుండా ఆ టైటిల్ లేదు.

మారతహళ్ళి మిడ్‌రేంజ్
శనివారం, రాత్రి 10:52

నేను ఒప్పుకోను. అలెన్ అక్కడ ఆడింది ఐదు సీజన్లే. సెల్టిక్స్ ఇప్పటికే ఇరవైకి పైగా నంబర్లు పైకెక్కించింది. ఇంకా ఎక్కిస్తూ పోతే కొత్తవాళ్ళు ఏ నంబరు వేసుకోవాలి? పైగా ఆ జట్టులో 1, 2 ఆడినవాళ్ళవి కూడా కావు. ఒకటి యజమాని వాల్టర్ బ్రౌన్‌ది, రెండోది కోచ్ రెడ్ ఆవర్‌బాక్‌ది.

గుంటూరు గార్డ్
ఆదివారం, ఉదయం 6:30

నిన్న రాత్రి అందరి రాతలూ చదివాను. ఇంతమంది రాశారు, ఇన్ని పేర్లు వచ్చాయి, ఒక్క ఆడపిల్ల పేరు లేదు. రీబౌండ్ గారూ, కంఠీరవలో ఆ ప్రశ్న అడిగింది మీ అమ్మాయి. ఆమెకు హాస్లెమ్ కథ చెబితే సరిపోతుందా?

నేను గుంటూరులో కాలేజీ జట్టుకు ఆడాను, ఇప్పుడు కోరమంగళలో ఉంటున్నాను. నా ఓటు మాయా మూర్‌కు. అమెరికా మహిళల లీగు డబ్ల్యూఎన్‌బీఏలో మిన్నెసోటా లింక్స్‌కు ఆడింది ఎనిమిది సీజన్లు, టైటిళ్ళు నాలుగు: 2011, 2013, 2015, 2017. ముప్పై ఏళ్ళు నిండకముందే, ఆట అత్యున్నత స్థాయిలో ఉండగా, 2019లో బంతి పక్కన పెట్టేసింది. చేయని నేరానికి జైల్లో ఉన్న జొనాథన్ ఐరన్స్ అనే వ్యక్తి విడుదల కోసం పనిచేసింది. 2020లో అతను బయటికి వచ్చాడు. ఆమె మళ్ళీ కోర్టుకు రాలేదు. 2024 ఆగస్టులో ఆమె 23ను పైకెక్కించారు.

హెబ్బాళ గారి కొలమానంతో చూసినా ఆమె నిలుస్తుంది, రీబౌండ్ గారి కొలమానంతో చూసినా నిలుస్తుంది. ఆమె ఆడకుండా వదులుకున్న సీజన్లు కూడా ఆ జెర్సీలో ఉన్నాయని నా నమ్మకం.

జయనగర్ రీబౌండ్
ఆదివారం, ఉదయం 7:05

గుంటూరు గార్డ్ గారూ, మీరు అన్నది నిజం. తప్పు నాదే. అమ్మాయికి మీ రాత చదివి వినిపించాను. "ఆమె మళ్ళీ ఆడి ఉంటే బాగుండేది" అంది, చాలాసేపు అదే ఆలోచిస్తూ ఉంది.

పేటన్ గురించి చెబుతానన్నాను కదా. 1990 నుంచి 2003 దాకా సియాటిల్‌లో ఆడాడు. 1996లో ఉత్తమ డిఫెండర్. అవతలివాడి చేతికి తొడుగులా అతుక్కుపోతాడని జనం అతన్ని గ్లవ్ అని పిలిచారు. 2008లో జట్టు మొత్తం సియాటిల్ వదిలి ఓక్లహోమా సిటీకి తరలిపోయింది. 20వ నంబరు ఎక్కడ వేలాడాలి? అతను ఆడిన ఊరిలో ఇప్పుడు జట్టు లేదు. జట్టు ఉన్న ఊరిలో అతను ఎన్నడూ ఆ జట్టుకు ఆడలేదు. ఆ జట్టు పాత పేరు సోనిక్స్, దాని రంగులు మాత్రం సియాటిల్‌కే ఉంచారు. ఊరు ఖాళీ చేసినవాళ్ళు గ్రామదేవతను అక్కడే వదిలి వెళ్ళినట్టు అనిపిస్తుంది నాకు.

బేగూరు బెంచ్
ఆదివారం, ఉదయం 8:18

మీరందరూ జట్టు గురించి మాట్లాడుతున్నారు. రీబౌండ్ గారి పేటన్ కథ మాత్రం స్థలం గురించి. నేను అక్కడి నుంచి అందుకుంటాను.

మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో బేగూరు నాగేశ్వరాలయం ఉంది. అక్కడి వీరగల్లు, అంటే పోరులో పోయిన వీరుడి రాయి, తొమ్మిదో శతాబ్దం చివరిదంటారు. ఈ ఊరి పేరు, అంటే "బెంగళూరు" అనే మాట, మొదట కనిపించేది అందులోనే, ఒక యుద్ధం ప్రస్తావనలో. మన రాయలసీమలోనూ ఊరి పొలిమేరల్లో ఇలాంటి వీరుడి రాళ్ళు ఎన్నో కనిపిస్తాయి. వాటిలో రాజులవి ఎన్ని? పశువులను కాపాడబోయి పోయినవాడు, ఊరి మీద పడ్డ దొంగలను ఎదిరించి పోయినవాడు, అలాంటివాళ్ళవే ఎక్కువ. వాడు దేశంలో అందరికన్నా గొప్ప యోధుడా అని ఆ రాయి నిలబెట్టినవాళ్ళు అడగలేదు. ఈ నేల కోసం నిలబడ్డాడా అని అడిగారు.

జెర్సీ కూడా అంతే. లీగులో ఎవరు గొప్ప అని తేల్చడానికి వేరే గౌరవాలు ఉన్నాయి. కప్పుకు వేలాడే జెర్సీ ఆ కోర్టుకూ ఆ మనిషికీ మధ్య లెక్క. అందుకే హాస్లెమ్ సబబు, మయామీలో జోర్డాన్ సబబు కాదు.

హెబ్బాళ సెంటర్
ఆదివారం, ఉదయం 8:50

బేగూరు గారూ, రాయి పోలిక బాగుంది, కానీ అది నా ప్రశ్నకు జవాబు కాదు. నేల కోసం నిలబడినవాడు అంటే ఎవరు? రాబర్ట్ హోరీ సంగతి చెప్పండి. ఏడు టైటిళ్ళు: హ్యూస్టన్‌తో రెండు, లేకర్స్‌తో మూడు, శాన్ ఆంటోనియోతో రెండు. 2002లో శాక్రమెంటో మీద చివరి క్షణంలో దొర్లి వచ్చిన బంతిని అందుకుని వేసిన ఆ మూడు పాయింట్లు లేకపోతే ఆ ఏడాది లేకర్స్ ఏమయ్యేదో! ఆ మూడు జట్లలో ఒక్కటి కూడా అతని నంబరును రిటైర్ చేయలేదు. మూడు ఊళ్ళ కోసం నిలబడినవాడికి ఏ ఊరిలోనూ రాయి లేదా?

బేగూరు బెంచ్
ఆదివారం, ఉదయం 9:02

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తాను.

మారతహళ్ళి మిడ్‌రేంజ్
ఆదివారం, ఉదయం 9:30

డెరిక్ రోజ్ పేరు ఎవరూ తీయకపోవడం ఆశ్చర్యంగా ఉంది. షికాగోలో పుట్టాడు, 2008 డ్రాఫ్టులో తొలి ఎంపికగా షికాగో బుల్స్‌లోకి వచ్చాడు. 2011లో 22 ఏళ్ళకే ఎంవీపీ, ఇప్పటిదాకా అంత చిన్న వయసులో ఆ పురస్కారం అందుకున్నవారు మరొకరు లేరు. మరుసటి ఏడాది టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్ తొలి మ్యాచ్‌లోనే మోకాలి లిగమెంటు చీలింది. టైటిల్ రాలేదు. బుల్స్ అతని 1ని రిటైర్ చేయాలని నిర్ణయించింది. అంతకుముందు ఆ జట్టులో ఆ గౌరవం నలుగురికే దక్కింది: స్లోన్, బాబ్ లవ్, జోర్డాన్, పిపెన్.

పిపెన్ పక్కన రోజ్ పేరా అని కొందరు అంటారు. నాకు కూడా మోకాలి ఆపరేషన్ అయింది. గెలిచినవాళ్ళ జెర్సీలే వేలాడితే, గెలవబోతూ పడిపోయినవాడి కోసం ఊరంతా బాధపడిన ఆ ఏళ్ళు ఎక్కడ మిగలాలి?

హెబ్బాళ సెంటర్
ఆదివారం, ఉదయం 9:47

బాధను కొలిచి జెర్సీ ఎక్కిస్తే కప్పు చాలదు.

వేదిక నిర్వాహకులు
ఆదివారం, ఉదయం 10:05

ఇద్దరికీ మనవి. మోకాలి గాయం మిడ్‌రేంజ్ గారి సొంత అనుభవం, దాన్ని గౌరవిద్దాం. వాదన ఆటగాళ్ళ మీద సాగనివ్వండి.

హెబ్బాళ సెంటర్
ఆదివారం, ఉదయం 10:11

మిడ్‌రేంజ్ గారూ, మన్నించండి. మీ చివరి వాక్యం సరిగా చదవకుండా రాశాను. రోజ్ విషయంలో నా అభిప్రాయం మారలేదు, కానీ ఆ మాట అలా అనకూడదు.

మైలాపూర్ మాజీ
ఆదివారం, మధ్యాహ్నం 12:40

పిల్లలూ, మీ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. నాకు అరవై దాటాయి. మాది నెల్లూరు, ఉద్యోగరీత్యా చెన్నైలో స్థిరపడ్డాం. 1980ల చివర్లో ఇక్కడ ఒక బ్యాంకు జట్టుకు ఆడాను. ఆ రోజుల్లో మన దేశంలో బాస్కెట్‌బాల్ అంటే బ్యాంకులు, రైల్వే, కస్టమ్స్, పోలీసు, సైన్యం. ఆట వల్ల ఉద్యోగం వచ్చేది, ఉద్యోగం వల్ల ఆట సాగేది.

పాప అడిగిన ప్రశ్నకు ఒక సాంకేతిక కారణం ఉంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం చాలా ఏళ్ళపాటు జెర్సీ నంబర్లు 4 నుంచి 15 వరకే ఉండేవి. రెఫరీ ఒకటి, రెండు, మూడు పాయింట్లను వేళ్ళతో చూపిస్తాడు కనుక ఆ నంబర్లతో తికమక ఉండకూడదని అలా పెట్టారని మా కోచ్ చెప్పేవారు. జట్టుకు పన్నెండు మంది, పన్నెండే నంబర్లు. 2014లో నియమం మార్చి 0 నుంచి 99 దాకా అనుమతించారు. అంతవరకు మన దగ్గర ఒక నంబరును రిటైర్ చేస్తే పన్నెండో ఆటగాడికి జెర్సీ ఉండదు! మీరు చెప్పిన 23, 34, 41 ఇక్కడ పుట్టే అవకాశమే లేదు.

ఇంకో మాట. మాకు జెర్సీ సొంతం కాదు. సీజను ముగిశాక ఉతికి, మడతపెట్టి, స్టోరులో అప్పగించి సంతకం చేయాలి. నేను మూడేళ్ళు 9 వేసుకున్నాను. నాలుగో ఏడాది చీలమండ దెబ్బ తిని ఆట మానేశాను. అదే 9ని, నా చెమట మరకలతో సహా, ఒక కొత్త కుర్రాడికి ఇచ్చారు. మొదట్లో గుండె చివుక్కుమంది. వాడు ఆ జెర్సీలో ఆడిన మొదటి మ్యాచ్ చూశాక ఆ బాధ పోయింది. వాడు నాకన్నా బాగా ఆడాడు. తర్వాత కొన్నేళ్ళకు ఆ జట్టే లేకుండా పోయింది. ఇప్పుడు ఆ 9 ఏ స్టోరులో ఉందో!

గుంటూరు గార్డ్
ఆదివారం, మధ్యాహ్నం 1:15

మాజీ గారూ, మీ 9 కథ చదివాక నాకు ఒక సందేహం వచ్చింది. మనం మొదటి నుంచీ తప్పు వైపు నుంచి చూస్తున్నామేమో.

మన ఇళ్ళలో గౌరవించదలచిన పేరును దాచిపెడతామా? తాత పేరు మనవడికి, నాయనమ్మ పేరు మనవరాలికి పెడతాం. మా అన్నయ్యకు మా తాతగారి పేరే. చిన్నప్పుడు వాణ్ణి తిట్టాలంటే మా నాన్నగారికి నోరు వచ్చేది కాదు, తన తండ్రి పేరు కదా. ఆ పేరును ఇంకెవరూ వాడకూడదని ఎవరైనా అంటే మా ఇంట్లో అది అవమానంగా తోచేది. పేరు పిలవబడుతుంటేనే మనిషి ఇంట్లో తిరుగుతున్నట్టు.

నంబరును ఆపేయడం గౌరవమా, ఎంచి ఎంచి తర్వాతి వాళ్ళ వీపు మీద పెట్టడం గౌరవమా? నాకు రెండోదే మన పద్ధతి అనిపిస్తోంది.

పెరంబూరు పాస్
ఆదివారం, మధ్యాహ్నం 1:32

దీనికి బాస్టన్‌లోనే సాక్ష్యం ఉంది. జిమ్ లాస్కటాఫ్ అని సెల్టిక్స్ తొలి టైటిళ్ళ కాలంలో ఆడాడు. అతని 18ని రిటైర్ చేస్తామంటే, వద్దు, ఆ నంబరు తర్వాతివాళ్ళు వేసుకోవాలి అన్నాడు. జట్టువాళ్ళు నంబరు బదులు అతని ముద్దుపేరు "లాస్కీ" అని కుట్టిన గుడ్డను వేలాడదీశారు. ఆ 18నే తర్వాత డేవ్ కవెన్స్ వేసుకుని టైటిళ్ళు గెలిచాడు. చివరికి కవెన్స్ పేరుతో 18 కూడా పైకెక్కింది. లాస్కటాఫ్ ఆ రోజు ఒప్పుకుని ఉంటే కవెన్స్ 18 ఉండేదే కాదు.

శాన్ ఆంటోనియోలో బ్రూస్ బోవెన్ 12ని 2012లో రిటైర్ చేశారు. 2015లో లమార్కస్ ఆల్డ్రిడ్జ్ వచ్చి ఆ నంబరు కావాలంటే బోవెన్ సంతోషంగా ఇచ్చాడు.

బేగూరు బెంచ్
ఆదివారం, మధ్యాహ్నం 1:50

మన దేశంలోనూ ఒకటి ఉంది, హాకీలో. పారిస్ ఒలింపిక్స్ తర్వాత, 2024 ఆగస్టులో, గోల్‌కీపర్ శ్రీజేష్ 16వ నంబరును హాకీ ఇండియా సీనియర్ జట్టులో రిటైర్ చేసింది. జూనియర్ జట్టులో మాత్రం ఉంచింది. ఆయనే జూనియర్లకు కోచ్ అయ్యాడు. గుంటూరు గార్డ్ గారు చెప్పినట్టు తాత పేరు మనవడికి. తాతే దగ్గరుండి మనవణ్ణి పెంచడం!

క్రికెట్‌లో సచిన్ 10, ధోనీ 7 ఇక ఎవరికీ ఇవ్వడం లేదు. అభిమానిగా అది నాకు నచ్చింది. కానీ శ్రీజేష్ పద్ధతి ఇంకా బాగుంది.

హెబ్బాళ సెంటర్
ఆదివారం, మధ్యాహ్నం 2:20

నేను నిన్నటి నుంచి వాదిస్తున్నది ఎవరు అర్హులు అని. ఏమి చేయాలి అనే ప్రశ్న దానికన్నా పెద్దదని ఇప్పుడు అర్థమవుతోంది. లాస్కటాఫ్ పద్ధతిలో అయితే మన 4 నుంచి 15 చిక్కు కూడా విడిపోతుంది. నంబరు ఆగదు, పేరు పైకి వెళుతుంది. హోరీకి కూడా మూడు ఊళ్ళలో మూడు గుడ్డలు కుట్టించవచ్చు.

ఇక మనవాళ్ళ సంగతి. 1980 మాస్కోలో మన పురుషుల జట్టు ఆడింది, మనం బాస్కెట్‌బాల్‌లో ఆడిన ఒలింపిక్స్ అదొక్కటే. ఆ జట్టులోని అజ్మీర్ సింగ్‌కు 1982లో అర్జున పురస్కారం వచ్చింది. నా మొదటి పేరు ఆయనది.

పెరంబూరు పాస్
ఆదివారం, మధ్యాహ్నం 2:41

పేరు గొప్పదే, కానీ ఏ కప్పు కింద? బేగూరు గారి రాయి గుర్తుంది కదా. దక్షిణాదిలో అయితే ముందు చెన్నై జవహర్‌లాల్ నెహ్రూ ఇండోర్ స్టేడియం, అక్కడ ఇద్దరి పేర్లు.

గీతూ అన్నా జోస్. కేరళ అమ్మాయి, దక్షిణ రైల్వేకు ఆడింది. 2011లో డబ్ల్యూఎన్‌బీఏ జట్లు ఎంపిక పరీక్షకు పిలిచిన తొలి భారతీయురాలు. 2014లో అర్జున. రెండో పేరు అనితా పాల్‌దురై. చెన్నై అమ్మాయి, ఆమెదీ దక్షిణ రైల్వేనే. పంతొమ్మిదేళ్ళకే దేశానికి కెప్టెన్. 2021లో పద్మశ్రీ. మా పెరంబూరులో రైలు కూత వింటూ పెరిగిన పిల్లలకు ఆ రెండు పేర్లు తెలియకపోతే అది మా తప్పు.

మైలాపూర్ మాజీ
ఆదివారం, మధ్యాహ్నం 3:05

గీతూ ఆట నేను కళ్ళారా చూశాను. రింగు కింద ఆమెకు బంతి అందిందంటే మిగతా తొమ్మిది మందీ ప్రేక్షకులే. ఆ పేరు పైకెక్కిస్తామంటే నేను మెట్లెక్కి కట్టడానికైనా సిద్ధం.

జయనగర్ రీబౌండ్
ఆదివారం, సాయంత్రం 5:30

మధ్యాహ్నమంతా అమ్మాయితో కూర్చుని చదివాను. ఆమె అడిగింది చెన్నై గురించి కాదు, కంఠీరవ గురించి. ఆ కప్పు కింద ఏమి జరిగిందో వెతికి పెట్టమంది. వెతికాం.

2017 జూలై. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిర్వహించే మహిళల ఆసియా కప్ ఇక్కడే, కంఠీరవలోనే. పై విభాగం ఫైనల్లో జపాన్ ఆస్ట్రేలియాను 74–73తో ఓడించింది. రెండో విభాగం ఫైనల్లో మన అమ్మాయిలు కజకిస్తాన్‌ను 75–73తో గెలిచి పై విభాగానికి చేరారు. ఒక పాయింటు తేడాతో ఒక ఫైనల్, రెండు పాయింట్ల తేడాతో ఇంకొకటి, ఒకే కప్పు కింద! ఆ జట్టులో పెరంబూరు గారి అనిత ఉంది, శిరీన్ లిమయే ఉంది. 2019లో మళ్ళీ ఆసియా కప్ ఇక్కడికే వచ్చింది.

అప్పటికి నేను బెంగళూరులోనే ఉన్నాను. ఇంటికి అరగంట దూరం. ఒక్క మ్యాచ్‌కూ వెళ్ళలేదు. ఆ వారమంతా ఏమి చేస్తున్నానో కూడా గుర్తు లేదు. అమ్మాయికి ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడ్డాను, కానీ చెప్పాను.

నా ప్రతిపాదన ఇది. కంఠీరవ కప్పుకు ఒక మనిషి జెర్సీ కాదు, ఆ పన్నెండు మంది పేర్లు ఒకే గుడ్డ మీద. కింద 75–73. అంతే. సంబంధిత అధికారులకు ఉత్తరం రాద్దాం.

హెబ్బాళ సెంటర్
ఆదివారం, సాయంత్రం 5:44

రెండో విభాగం విజయానికి కప్పెక్కే అర్హత ఉందా అని ఎవరైనా అడుగుతారు. నిన్నటి నేనైతే అడిగేవాణ్ణి. కానీ రాకముందు, వచ్చాక అని చెప్పగలగాలి అన్నాను కదా. ఆ రాత్రికి ముందు మనం కింది విభాగం, ఆ రాత్రి తర్వాత పై విభాగం. నా కొలమానానికి కూడా సరిపోయింది. సంతకం చేస్తాను.

మారతహళ్ళి మిడ్‌రేంజ్
ఆదివారం, సాయంత్రం 5:58

నేనూ చేస్తాను. పన్నెండు పేర్లతో పాటు ఆ జట్టు కోచ్, ఫిజియో పేర్లు కూడా ఉండాలి. గాయపడిన కాళ్ళను నిలబెట్టేవాళ్ళను ఎవరూ తలచుకోరు.

పెరంబూరు పాస్
ఆదివారం, సాయంత్రం 6:20

బెంగళూరు ఉత్తరంతో పాటే చెన్నై ఉత్తరం కూడా వెళ్ళాలి. ఒకటి వెళ్ళి రెండోది ఆగితే నేను ఒప్పుకోను. అనిత పేరు రెండు చోట్లా ఉండవచ్చు. ఎన్‌బీఏలో విల్ట్ చాంబర్లిన్ 13 మూడు జట్లలో వేలాడుతోంది.

గుంటూరు గార్డ్
ఆదివారం, సాయంత్రం 6:45

ముసాయిదా నేను రాస్తాను. కన్నడలో రాయగలవారు ఒకరు కావాలి, ఇక్కడి కార్యాలయానికి కన్నడలో వెళ్ళడమే మర్యాద. తమిళ ప్రతిని మాజీ గారు చూసిపెడితే బాగుంటుంది. పన్నెండు పేర్లూ ఫిబా అధికారిక జాబితాతో సరిపోల్చాకే పంపుదాం, ఒక్క అక్షరం తప్పు పోకూడదు.

రీబౌండ్ గారూ, ఉత్తరం కింద మొదటి సంతకం మీ అమ్మాయిది ఉండాలి.

బేగూరు బెంచ్
ఆదివారం, రాత్రి 7:10

కన్నడ ప్రతి నాకు వదిలేయండి. మా ఆవిడది తుమకూరు, ఆమె దిద్దుతుంది.

జయనగర్ రీబౌండ్
ఆదివారం, రాత్రి 8:25

అమ్మాయి సంతకం సాధన చేస్తోంది. ఇప్పటికి ఒక పేజీ నింపింది. గుడ్డ రంగు ఏమిటని అడుగుతోంది. నీలం అని చెప్పాను, తప్పైతే ఎవరైనా చెప్పండి.